అద్దం మీది అంకెలు

మా యార్డుకి ఎదురుగా, రోడ్డుకి అవతల
పెట్రోలు బంకు బోర్డు.
పొద్దున్నే షట్టర్ ఎత్తగానే
నేను ముందు చూసేది ఆకాశాన్ని కాదు, దాన్నే.

కడీనా చిన్న ఊరు. గాలిలో ఉప్పు, గోధుమ దుమ్ము.
దక్షిణ ఆస్ట్రేలియా పటంలో
వేలిగోరు ఆనిస్తే కనబడకుండా పోతుంది.
ఇక్కడ పాత కార్ల అద్దాలు తుడవడం,
తెల్లరంగు పెన్నుతో వాటి మీద ధర వేయడం,
ట్రెంబాత్ గారు చెప్పినప్పుడు చెరిపి
మళ్లీ వేయడం నా ఉద్యోగం.

ఒకే గిలకకి వేలాడే రెండు బొక్కెనలు
ఆ బోర్డూ, ఈ అద్దమూ.
అక్కడ అంకె పైకి లేస్తే
ఇక్కడ పెద్ద ఇంజన్ల ధర నూతిలోకి దిగుతుంది.
తాడు ఎవరి చేతిలో ఉందో
ఈ ఊళ్లో ఎవరూ చూడలేదు.

లీటరు డాలరూ అరవై సెంట్లున్న మార్చిలో
వరసలో మొదటి కారు,
ఆరు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, నేరేడుపండు రంగు,
ఇరవై ఎనిమిది వేలు.
లీటరు రెండు డాలర్లు దాటిన రోజు ఇరవై నాలుగు.
రెండూ ముప్పై అయిన జూన్ చలివానలో
పంతొమ్మిదిన్నర.
మధ్యలో ఒక్క బోల్టు అరగలేదు,
ఒక్క కిలోమీటరు తిరగలేదు.

పక్కనే పిచ్చుకంత హైబ్రిడ్ బండి.
డోరుకి సొట్ట, సీట్ల నిండా కుక్క వెంట్రుకలు.
అయినా పదిహేను నుంచి పంతొమ్మిదికి ఎగబాకింది.

ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు.
ఈ ఏనుగు బతికే ఉంది.
మేత ధర పెరిగింది, అంతే.

ఆ కారు జోరీ పెన్‌హాలోది.
ముప్పై ఏళ్లు ధాన్యం సైలోలో పనిచేసినవాడు.
కళ్లకి పొర కమ్మి లైసెన్సు పోయింది,
అమ్మిపెట్టమని తాళాలిచ్చాడు.
ఇరవై ఆరుకి బేరం వస్తే "ఆగుదాం" అన్నాడు.
ప్రతి గురువారం వచ్చి
అద్దానికి ముక్కు ఆనించి చదువుకునేవాడు.
ఇరవై నాలుగు వేసిన గురువారం ఏమీ అనలేదు.
పంతొమ్మిదిన్నర వేసిన గురువారం
"ఆ ఒకటి తిన్నగా వేశావమ్మాయ్" అన్నాడు.

మారివిక్ ఆసుపత్రిలో నర్సు.
రాత్రి డ్యూటీ దిగి, ఆ బట్టల్లోనే వచ్చింది.
అందరూ హైబ్రిడ్ చుట్టూ మూగుతుంటే
ఈ పెద్దదాని డోరు తీసి కూర్చుంది.
"తెగ తాగుతుంది" అన్నారు ట్రెంబాత్ గారు,
నిజాయితీయో, అలవాటో.
ఆమె రసీదు వెనక లెక్క వేసింది.
ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లు, నెలకోసారి అడిలైడ్.
తగ్గిన ఎనిమిదిన్నర వేలూ ఇది తాగెయ్యాలంటే
ఆరేళ్లు పైనే పడుతుంది.
"ఎక్కడెక్కడో తిరిగేవాళ్ల భయమంతా
ఈ అద్దం మీదే కక్కారు.
నా వాటా భయం చాలా చిన్నది" అంది.

జోరీ ఒక్కటే కోరాడు, ఒకసారి స్టార్ట్ చేయమని.
ఎనిమిదీ ఒక్కసారి లేచాయి.
ఆఫీసు బల్ల మీద నా టీ కప్పు వణికింది.
బానెట్ మీద అరచెయ్యి ఉంచి
వేడెక్కేదాకా నిలబడ్డాడు.
చెక్కు మడిచి జేబులో పెట్టుకుని
రోడ్డు అవతలికి తిరిగాడు. అంత దూరం అతనికి ఆనదు.
"ఇవాళెంత?"
చెప్పాను.

సెప్టెంబరులో పెట్రోలు దిగింది.
పెద్ద ఇంజన్ల అద్దాలన్నీ ఒక పూటలో తిరగరాశాను.
జోరీ ఇప్పటికీ గురువారాలు వస్తాడు.
ఆ నూనె మరక మీద ఇప్పుడు వేరే కారు.
"నాది ఉంటే ఎంత పలికేది?"

ఇరవై ఏడు. నాకు తెలుసు.
చేతిలో గుడ్డ దులిపాను.
ఏ అంకెదో తెలియని తెల్లపొడి గాలిలోకి లేచింది.
"ఇరవై" అన్నాను.

కాసేపు పెదాలతో తీసివేత చేసుకున్నాడు.
"అయితే పోయింది అయిదొందలే."